రెండో తాళంచెవి

రేగులగూడెం మగ్గాల గొంతు కోసినోళ్ళారా, మిమ్ములనే అడుగుతున్న. కత్తి పట్టినోన్ని తర్వాత చూద్దాం. కత్తి పట్టిచ్చినోడు ముందుగాల బయటికి రావాలె. మిషను మీద అద్దిన గుడ్డను చేనేత అని అమ్ముకొని మేడలు కట్టినోళ్ళు రావాలె. ఆ మేడల్ల దావతులు తిని ‘అభివృద్ధి’ అని ఫైళ్ళ మీద రాసిన సార్లు రావాలె. పడుగు మీద కత్తి పెట్టుడంటే నేసేటోని ఇంట్ల సంటిపిల్ల మెడ మీద కత్తి పెట్టినట్టే. మీకు తెల్వక జరిగిందా? తెలిసే చేసిన్రు.

కథ ఏడికొచ్చి ఆగిందో జర మతికి తెచ్చుకోండ్రి. సీతారాములు బిడ్డ హారికకు చదువు కాంగనే జిల్లా ఆర్థికాభివృద్ధి ఆఫీసుల కొలువు దొరికింది. మొదటి పోస్టింగే సొంతూరు. ఎవరింట్ల వాళ్ళు నేసుకునే మగ్గాలను ఒక్క షెడ్డు కిందికి తెచ్చి, అండ్లనే ఓ పక్కకు రంగుల పొయ్యి పెట్టిచ్చి, ఊరి గుడ్డకు చేనేత ముద్ర తెప్పిచ్చుడు ఆమె పని. ముద్ర వస్తే దయాకర్ షావుకారు మిషను గుడ్డను అడిగేటోడు ఉండడు. ముద్ర ఇచ్చే ఢిల్లీ బృందం వచ్చిననాడు మగ్గాలు ఆడుతుండాలె. ఆగి ఉంటే ఆ ముద్ర ఇంకో ఊరికి పోతది. ఆ దినం తెల్లారింది. షెడ్డుల రంగులేసే ముఖీత్ ఉరికొచ్చి పిలిస్తే హారిక పోయి చూసింది. ఒక్క మగ్గం మిగలలే. అన్నిటి పడుగులు కోసి ఉన్నయి. ఆమె పెట్టిన కేకకు ఊరంత లేచి వచ్చింది.

వచ్చినోళ్ళు ఏడ్సిన్రు. ఏడ్పు ఎక్కువసేపు ఉండలే.

జానయ్య మొదటి దెబ్బ ముఖీత్ దవడ మీద పడ్డది. జానయ్య మంచి నేతగాడు, చెయ్యి గట్టిది. మూడు నెలల సంది భార్యాభర్తలు కూసోని పోగు పోగుకు రబ్బరు చుట్టి, చిటికి కట్టి, రంగులు ఏయించుకున్న పడుగు వానిది. ముఖీత్ గోడకు తాకి కూలబడ్డడు. నోట్లె నుంచి రక్తం గడ్డం మీదికి జారింది. తుడుచుకుంటే చేతుల నీలం మూతికి అంటింది. వాని చేతులు మోచేతుల దాకా ఎప్పుడు నీలమే.

“తాళంచెవి ఎవని దగ్గరుంటదిర?”

“నా దగ్గర్నే అన్నా. పొయ్యి రాజెయ్యనీకి అందరికన్న ముందు రావాలె గదా.”

“గందుకే అడుగుతున్న. తలుపు పలగలే. తాళం ఇరగలే. చెవితోని తీసి, కోసి, మళ్ళ బందు వెట్టి పోయిండు. నువ్వు కాకుంటే నీ అయ్యనా?”

“అన్నా, మా దాదా కాలం సంది మీ పోగులకు రంగులు మేమే ఏస్తున్నం. మీ మగ్గం ఆగితే నా పొయ్యి సల్లారదా? జర సోంచాయించు అన్నా.”

“సోంచాయించేది అయిపోయింది.” జానయ్య కాలితోని తన్నిండు. డొక్కల పడ్డ తన్నుకు ముఖీత్ ముడుచుకపోయిండు. అప్పుడు మిగిలినోళ్ళు కమ్ముకున్నరు. ఎవరి చేతికి ఏది దొరికితే అది. కండెల పెట్టె, విరిగిన కర్ర, చెప్పు.

గేటు కాడ తెల్ల కారుకు ఒరిగి నిలబడ్డ దయాకర్ షావుకారు ఇస్త్రీ చొక్కా చేతులు మెల్లగ మడుసుకుంటున్నడు. “నేను ముందే చెప్పలేదా? మగ్గం గుంటల కాలువెట్టి ఎరుగనోనికి తాళంచెవి ఇస్తరా ఎవలన్న? మనోడైతే చెయ్యాడుతదా పడుగు మీద? ఏమంటవు ఆఫీసరమ్మా? నువ్వే గదా ఇప్పిచ్చింది?”

“నోరు మూసుకో దయాకర్ సేటూ!” హారిక మందిల జొరబడ్డది. “ఆగుండ్రి! జానయ్య మామా, ఆగు! పోలీసులను పిలుద్దాం. నీకు దండం పెడుత.”

“పోలీసులు నా పడుగు అతుకుతరానె?” జానయ్య కండ్లు ఎర్రగ ఉన్నయి. “నీ మాట నమ్మి ఇంట్ల మగ్గం పీకి ఈడ పెట్టిన. ఇంట్ల ఉంటే ఏ లం... కొడుకు కోస్తుండె? నువ్వు పక్కకు జరుగు.”

ఆ మాట తప్పేం లేదు. ఆమెకు తెలుసు. ఇంటింటికి తిరిగి, ఒక్కొక్కన్ని ఒప్పిచ్చి, మగ్గాలు తెప్పిచ్చింది ఆమెనే. ‘ఒక్కతాన ఉంటే బలం’ అని చెప్పింది ఆమెనే. కోసేటోనికి సుత ఒక్కతాన ఉండుడే అలకగ ఉంటదని కొలువుల చేరే ముందు ఏ క్లాసుల ఎవ్వడు చెప్పలే.

“కోసిన చేతులకు కాగు సూపియ్యుండ్రి!” వెనుక నుంచి ఎవడో అరిసిండు. ఆ మాట ఒక్క నోట్లె నుంచి ఇంకో నోట్లెకు పోయి పెద్దగైంది. ముఖీత్ ఇంకా చీకట్లనే, మగ్గాలు కనవడక ముందు రాజేసిన పొయ్యి మీద పెద్ద కాగుల నీలం రంగు నీళ్ళు కుతకుత ఉడుకుతున్నయి. ముసలి వెంకటనర్సమ్మ, ఊరందరికి అవ్వ, ఎన్నడు ఒకన్ని ‘ఏమిర’ అనని మనిషి, పొయ్యి కాడికి పోయి రెండు మొద్దులు లోపలికి నూకింది. ఆమె మగ్గం సుత కోసిన్రు. ముగ్గురు ముఖీత్‌ను రెక్కలు వట్టి ఈడ్సుకపోతున్నరు. వాడు కాళ్ళు నేలకు తన్నిపట్టి, “అవ్వా, నీ చీరెకు కుంకుమ రంగు ఏసిన చేతులవ్వా ఇవి!” అని ఒర్లుతున్నడు. వెంకటనర్సమ్మ వాని దిక్కు చూడలే.

హారిక ఉరికి పొయ్యికి, ముఖీత్‌కు నడుమ నిలబడ్డది. ఎవడో విసిరిన, పేక నేసే నాడె వచ్చి ఆమె కనుబొమ్మ మీద తాకింది. నాడె కొసకు ఇనుము ఉంటది. చర్మం చిట్లి రక్తం కండ్లల్లకు దిగింది. జానయ్య ఆమె భుజం పట్టి నూకిండు. ఆమె ఎనుకకు పడి, పక్కనున్న మగ్గం గుంటల కూలింది. తల, నేసిన గుడ్డ చుట్టే దోనె మొద్దుకు కొట్టుకున్నది.

కొద్దిసేపు ఏమీ వినరాలే. తర్వాత ముఖీత్ కేక విన్నది. కాగుల నీళ్ళు చింది వాని ముంజేతి మీద పడ్డయి. ఇంకా చెయ్యి ముంచలే. ముంచుతరు.

లేవబోయి పైకి చూసింది. గుంటల నుంచి చూస్తే ఎదురుంగ కనవడే తావు అది. పోగులు దూర్చే దువ్వెన లాంటి అచ్చు వెనుక పక్క.

కోసిన పోగులు చెల్లాచెదురుగ వేలాడుతలేవు. గుత్తులు గుత్తులుగ కూడి ఉన్నయి. ప్రతి గుత్తికి ఒక ముడి.

గుడ్డ నేసుడు అయిపోయినంక కోసి దించేటప్పుడు నేసేటోడు చేసే పని అది. అచ్చుల మిగిలిన పోగులు జారిపోకుంట గుత్తులు కట్టి ముడేస్తడు. మళ్ళ వచ్చే పడుగు పోగులను వాటికే ఒక్కొక్కటి అతుకుతరు. అచ్చుల పోగులు జారినయంటే మగ్గం మొత్తం మళ్ళ మొదటి నుంచి కూర్చుకోవాలె. చెయ్యి అడగకుంటనే చేసే పని. అందుకే ఇంతమంది నేతగాళ్ళు చూసిన్రు గని ఒక్కని కంటికి అది ఆనలే. రోజు చూసేదే గదా. మగ్గాన్ని సంపనీకి వచ్చిన పగోడు ముడేస్తడా? రంగులోడు ముడేస్తడా?

“నేసేటోడే కోసిండు!” గుంటల నుంచి పాకి లేచుకుంట అరిసింది హారిక. “మామా, ముఖీత్ కాదు! అచ్చు వెనుక చూడు! అవ్వా, నీ మగ్గం కాడికి పో, వెనుక చూడు. ముడులున్నయి! కోసినోడు పోగు జారొద్దని ముడేసి పోయిండు!”

వెంకటనర్సమ్మ చేతిల మొద్దు ఆగింది. తన మగ్గం కాడికి నడిచి, వంగి, అచ్చు వెనుకకు చెయ్యి పెట్టి తడిమింది. మరో మగ్గం చూసింది. ఇంకోటి. ఆమె మొఖం పాలిపోయింది.

“నిజమేరా జానిగా,” అన్నది. “మనోడే.”

ముఖీత్ రెక్కలు పట్టినోళ్ళ పట్టు జర సడలింది గని ఇడిసిపెట్టలే.

“మనోడంటే ఎవడు?” దయాకర్ గేటు కాడి నుంచి అన్నడు. “ముడి చూపిచ్చి రంగులోన్ని తప్పిద్దామనా? మన ఊరి నేతగాళ్ళ మీద నింద ఏస్తున్నవు ఆఫీసరమ్మా. పేరు చెప్పు. చెప్పలేవంటే వాన్ని ముంచుతరు.”

“చెప్పు,” అన్నడు జానయ్య. వాని గొంతుల కోపమే లేదిప్పుడు. అంతకన్న చెడ్డది ఉన్నది. “చెప్పు బిడ్డా. మనోడైతే వాన్నే ముంచుత.”

హారిక వంగి ముడి దిక్కు చూసింది. కండ్లల్లకు కారిన రక్తం తుడుచుకొని మళ్ళ చూసింది.

అందరు ఒక్క చుట్టు చుట్టి కట్టే ముడి. ఇది రెండు చుట్లు చుట్టి, కొసను ఎదురుగ దోపి ఉన్నది. కుడిచేతి బొటనవేలు పనిచెయ్యనోడు కట్టే తీరు. దోనె కింద వేలు నలిగి, మొద్దుబారి, రెండో చుట్టు లేకుంట ముడి బిగియ్యలేని మనిషి రేగులగూడెంల ఒక్కడే ఉన్నడు. చిన్నప్పుడు ఆమె జడకు రిబ్బను సుత గట్లనే కట్టెటోడు. బళ్ళె ఎవ్వరికి ఇప్పరాకపోయేది.

షెడ్డుకు చెవులు రెండు. ఒకటి ముఖీత్ దగ్గర. ఇంకోటి ఆఫీసోళ్ళది, ఆమె దగ్గర. ఇంట్ల దేవుని అర్ర మొలకు వేలాడుతున్నది.

ఇటు చూస్తే ముఖీత్ నీలం చేతులు కాగు ఆవిరిల ఉన్నయి. అటు మందిల ఓ మూలకు బాపు సీతారాములు నిలబడ్డడు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్ళకు బిగుసుకపోయిన మెడ ఆయనది, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలె. ఆయన తిరుగుతలేడు. నేల దిక్కే చూస్తున్నడు.

“ముంచుండ్రి!” అన్నడు దయాకర్.

“రెండు తాళంచెవులున్నయి!” హారిక గొంతు చిరిగింది. “ఒకటి ముఖీత్ దగ్గర. రెండోది నా దగ్గర ఉంటది. మా ఇంట్ల!”

మంది ఆమె దిక్కు మళ్ళిన్రు. “అంటే నువ్వు కోసినవానె?” జానయ్య ముఖీత్‌ను ఇడిసిపెట్టి ఆమె మీదికి వచ్చిండు. జుట్టు అందుకున్నడు.

“నా బిడ్డ కోయలే.”

సీతారాములు గొంతు పెద్దగ లేదు. అయినా జానయ్య చెయ్యి ఆగింది. ఆయన మందిని జరుపుకుంట, కట్టె లెక్క నిటారుగ, పొయ్యి కాడికి నడిచిండు. ముఖీత్‌ను పట్టుకున్నోళ్ళ చేతులు ఒక్కొక్కటి తీసి పక్కకు పెట్టిండు. పడుగుల చిక్కు తీస్తున్నట్టే తీసిండు.

“కోసిన చెయ్యి ఇది,” అన్నడు.

ఎవ్వరు పట్టుకునేలోపట కుడిచెయ్యి మోచేతి దాకా కాగుల పెట్టిండు.

ఆయన అరవలే. పండ్లు కొరికిన చప్పుడు మాత్రం వినచ్చింది. వెంకటనర్సమ్మ “సీతారాముడా!” అని ఒర్లి, ఎగబడి, రెక్క పట్టి గుంజింది. చెయ్యి బయటికి వచ్చింది. నీలం. నీలం కింద తోలు తెల్లగ లేచి ఊడొస్తున్నది. హారిక తాగేనీళ్ళ కుండ తెచ్చి చేతి మీద బోర్లిచ్చింది. ఇంకో కుండ. ఇంకోటి. అందులనే సగం తీసి ముఖీత్ ముంజేతి మీద పోసింది. ఇద్దరి నీలం నీళ్ళు ఒక్క మడుగై ఆమె కాళ్ళ కిందికి వచ్చినయి.

“ఎందుకు బాపూ?”

“మొన్న నువ్వు నల్లగొండ మీటింగుకు పోయినవు సూడు. ఆనాడు వచ్చిండు మనింటికి. చాయ్ పెట్టిన. నీ గురించి మస్తు మంచిగ చెప్పిండు. తెలివిగల్ల పిల్ల అన్నడు. ఒక్కతే స్కూటీ మీద మర్రిగూడ రోడ్డున తిరుగుతది, కంకర లారీలు చూసుకోకుంట వస్తయి, ఫికర్ అయితదన్నడు. బృందం వచ్చిననాడు మగ్గాలు ఆడకుంటే పిల్ల సల్లగ ఉంటదన్నడు. నీ చేతనైన పనేనాయె సీతారాములూ అన్నడు. గ్లాసు కింద పెట్టి పోయిండు.”

“దయాకరా?” జానయ్య గేటు దిక్కు తిరిగిండు. షావుకారు కారు తలుపు తీసి ఉన్నది. ఒక కాలు లోపల పెట్టిండు.

“వాడు కాదు,” అన్నడు సీతారాములు. “వాని మిషన్ల సగం వాటా ఉన్నోడు. నీ సారు బిడ్డా. శ్రవణ్‌కుమార్ సారు.”

శ్రవణ్‌కుమార్ సారు. ఇంటర్వ్యూల ఆమెను ఏరుకున్న మనిషి. ‘ఊరిని ఊరోళ్ళే లేపాలె’ అని చెప్పిన మనిషి. మొదటి జీతం రోజు ఆఫీసు మొత్తానికి ఆమె పేరు మీద మిఠాయి పంచిన పెద్దసారు.

“పడుగు మళ్ళ అతుక్కోవచ్చు,” సీతారాములు అన్నడు. “బిడ్డను అతుక్కోరాదు. గదే అనుకున్న.”

“మరి ముఖీత్ బాపూ?”

“వాని మీదికి పోతదని అనుకోలేదమ్మా.”

“అనుకోలేదా?” ఆమె గొంతు లేచింది. “మొదటి తన్ను కాడి నుంచి ఈడనే నిలబడి ఉన్నవు గదా! దవడ పలిగింది చూసినవు. కాగు కాడికి గుంజింది చూసినవు. నేను నోరు తెరిచినంకనే నీకు నోరచ్చిందా?”

సీతారాములు ముఖీత్ దిక్కు మొత్తం మనిషి తిరిగిండు. ముఖీత్ మొఖం పక్కకు పెట్టుకున్నడు.

గేటు కాడ కారు స్టార్టయింది. జానయ్య ఉరికి కిటికీలకెళ్ళి దయాకర్ గల్లా పట్టి బయటికి గుంజిండు. ఇస్త్రీ చొక్కా చిరిగింది. ఒక్క గుద్దుకు షావుకారు ముక్కు బద్దలైంది. ఇందాక ముఖీత్ మీద లేచిన చేతులే ఇప్పుడు ఇటు లేచినయి.

“కొట్టొద్దు!” హారిక ఉరికొచ్చింది. “మళ్ళ అదే పనా మామా? పొద్దుగాల ఒకన్ని, ఇప్పుడొకన్ని? మీకు కావల్సింది కొట్టుడేనా? వాన్ని మగ్గం గుంజకు కట్టేసి కూసోవెట్టుండ్రి. కారు కావాలె నాకు. ముఖీత్‌ను దవాఖానకు తోలుకపోవాలె. నువ్వే తోలుకపో. పోలీసులకు నీ పేరు నువ్వే చెప్పు. ఎవన్ని కొట్టినవో, ఎందుకు కొట్టినవో నువ్వే చెప్పు.”

జానయ్య మొఖం చిన్నబోయింది. ముఖీత్ కాడికి పోయి వంగిండు. “లే తమ్మీ,” అన్నడు. ముఖీత్ వాని చెయ్యి పట్టలే. గోడ పట్టుకొని తనే లేచిండు. కారు కాడికి తనే నడిచిండు. జానయ్య వెనుక పోయి కారెక్కి స్టీరింగు పట్టిండు.

“మీ బాపును సుత తోలిస్తవా?” వెంకటనర్సమ్మ అడిగింది.

హారిక ఆ చేతిని చూసింది. “నువ్వు ఆగు బాపూ. జర ఓర్సుకో. నీ నోటితోని చెప్పేది ఉన్నది.”

కారు పోయింది. గుంజకు కట్టేసిన దయాకర్ ముక్కు రక్తం పెదవుల మీద ఎండుతున్నది. ఏం చెయ్యాల్నో తోచక ఆడోళ్ళు, మొగోళ్ళు మగ్గాల కాడికి పోయిన్రు. వెంకటనర్సమ్మ గుంటల కాళ్ళు వేలేసి కూసోని, ఒక గుత్తి ముడి ఇప్పవట్టింది. చూస్తే అందరు గట్లనే కూసున్నరు. కోసిన పోగు కనవడ్డంక అతుకకుంట ఉండలేరు వాళ్ళు.

“ముట్టకు అవ్వా!” అన్నది హారిక. “ఎవ్వరు ముట్టొద్దు! కోసినయి కోసినట్టే ఉండాలె.”

“పిచ్చిదానివా బిడ్డా? వాళ్ళొచ్చే వరకు రెండు మగ్గాలన్న ఆడిస్తే ముద్ర దక్కుతది గదనె.”

“దాచిపెట్టి తెచ్చుకున్న ముద్ర ఎన్నాళ్ళు ఉంటదవ్వా? రేపు మళ్ళ ఇంకొకని ఇంటికొచ్చి చాయ్ తాగుతడు. ఇంకొకని బిడ్డ పేరు చెప్తడు.”

జేబుల ఫోన్ మోగింది. శ్రవణ్‌కుమార్. ఆమె అందరికి వినవడేటట్టు పెట్టి చెయ్యి చాపి పట్టుకున్నది.

“హారికా, ఢిల్లీవాళ్ళకు పానగల్ గుళ్ళు చూపెట్టుకొని వస్తున్నం. మర్రిగూడ దాటినం. అక్కడ మగ్గాలు ఆగినయంట గదమ్మా. అయ్యో. నువ్వు భయపడకు. బృందంతో నేను మాట్లాడుత. రంగులేసే అతనే కోసిండని రెండు లైన్లు రాసి ఉంచు. సంతకం పెట్టు చాలు.”

మగ్గాలు కోసిన్రని ఆమె ఆఫీసుకు చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే. షెడ్డుల మొగోళ్ళు, ఆడోళ్ళు ఒక్కొక్కరే గుంటలల్లకెళ్ళి లేచి నిలబడ్డరు.

“రాండ్రి సార్,” అన్నది హారిక. “ఎదురు చూస్తున్నం.”

దుమ్ము లేపుకుంట కార్లు వచ్చినయి. ముందు కారుల డ్రైవరు పక్కన శ్రవణ్‌కుమార్. ఒళ్ళె శాలువల సంచి ఉన్నది. ఢిల్లీవాళ్ళు వెనుక కారుల ఉన్నరు. రెండు కార్లు గేటు దాటంగనే రేగులగూడెం మొగోళ్ళు గేటు మూసి, దానికి వీపులు ఆనిచ్చి నిలబడ్డరు. శ్రవణ్‌కుమార్ నవ్వుకుంట అద్దం దించిండు. హారిక నొసటి రక్తం చూసిండు. తెరిసిన తలుపుల నుంచి గుంజకు కట్టేసిన దయాకర్‌ను చూసిండు. నవ్వు పోలే గని అక్కడికక్కడే బిగుసుకున్నది. చెయ్యి అద్దం మీటకు పోయింది.

హారిక ఆ అద్దం అంచు మీద రెండు చేతులు పెట్టింది. ఎక్కుతున్న అద్దం వేళ్ళను నొక్కుతున్నా తియ్యలే. వెనుక బాపు వచ్చి నిలబడ్డడు. తోలు ఊడొస్తున్న చెయ్యి ముందటికి చాపి.

“దిగు సారూ,” అన్నది. “శాలువలు ఆడ్నే పెట్టు. మగ్గాలు చూసేది తర్వాత. పోయి ఆ కాగు కాడ నిలబడు. మా ఇంట్ల చాయ్ తాగుకుంట మా బాపుకు ఏం చెప్పినవో, గీ ఊరు ముందట, ఆ ఢిల్లీవాళ్ళ ముందట, అక్షరం పొల్లు పోకుంట మళ్ళ చెప్పు. ఇప్పుడే చెప్పు. చెప్పినంకనే గేటు తెరుసుకుంటది.”